ఎడ్గార్ ఎఫ్. కాడ్

ఎడ్గార్ ఫ్రాంక్ కాడ్ (ఆగష్టు 19, 1923 - ఏప్రిల్ 18, 2003) ఇంగ్లాండులో జన్మించి అమెరికాలో స్థిరపడిన ప్రముఖ కంప్యూటరు శాస్త్రవేత్త. మిత్రులు ఇతనిని టెడ్ కాడ్ అని పిలిచేవారు. సమాచారాన్ని పట్టికల రూపంలో భద్రపరచే రిలేషనల్ డేటాబేసు నమూనాకు ఇతడే రూపకర్త. బ్యాంకు ఖాతాలు, రైలు రిజర్వేషన్లు, పరీక్షా ఫలితాలు, భూముల రికార్డులు మొదలైన వాటిలో అధికభాగం నేడు ఈ నమూనా ఆధారంగా పనిచేసే డేటాబేసులలోనే ఉన్నాయి. తప్పుడు సమాచారం పట్టికలోనికి రాకుండా అడ్డుకొనే నియమాలు డేటాబేసులోనే ఉండాలి కాని, ఒక్కొక్క ప్రోగ్రామరు జ్ఞాపకశక్తి మీద ఆధారపడరాదన్నది కాడ్ సిద్ధాంతంలోని ముఖ్యాంశం. ఈ కృషికి 1981లో ట్యూరింగ్ పురస్కారం లభించింది.

బాల్యం, విద్యాభ్యాసం

కాడ్ ఇంగ్లాండు దక్షిణ తీరంలోని డోర్సెట్ కౌంటీలో, పోర్ట్‌లాండ్ ద్వీపంలోని ఫార్చ్యూన్స్‌వెల్ గ్రామంలో జన్మించాడు. ఏడుగురు సంతానంలో ఇతడు కడపటివాడు. తండ్రి తోలు వస్తువుల తయారీదారు, తల్లి ఉపాధ్యాయురాలు. పూల్ గ్రామర్ స్కూలులో చదివిన తరువాత విద్యార్థివేతనంతో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని ఎక్సెటర్ కళాశాలలో చేరి రసాయనశాస్త్రం, గణితశాస్త్రం అభ్యసించాడు.

అప్పటికి రెండవ ప్రపంచయుద్ధం సాగుతున్నది. విద్యార్థిగా సైనిక సేవనుండి మినహాయింపు పొందే అవకాశం ఉన్నప్పటికీ, కాడ్ 1942లో స్వచ్ఛందంగా బ్రిటిషు రాయల్ ఎయిర్‌ఫోర్సులో చేరాడు. తీరరక్షణ విభాగంలో పైలటుగా సండర్‌లాండ్ విమానాలు నడిపాడు. యుద్ధానంతరం ఆక్స్‌ఫర్డుకు తిరిగివచ్చి 1948లో గణితశాస్త్రంలో పట్టా పొందాడు.

తొలి ఉద్యోగాలు

1948లోనే కాడ్ అమెరికాకు వెళ్ళాడు. న్యూయార్కులోని మేసీస్ దుకాణంలో కొంతకాలం అమ్మకాల పనిచేసి, ఆపై టెనెస్సీ విశ్వవిద్యాలయంలో కొద్దికాలం గణితం బోధించాడు. 1949లో ఐబిఎం సంస్థలో ప్రోగ్రామరుగా చేరాడు. వేలకొలది వాక్యూం ట్యూబులతో పనిచేసే ఆనాటి భారీ గణనయంత్రాలకు ప్రోగ్రాములు వ్రాయడం అతని పని.

1950 దశకం తొలి సంవత్సరాలలో సెనేటర్ జోసెఫ్ మెకార్తీ కమ్యూనిస్టుల పేరిట సాగించిన వేట కాడ్‌కు నచ్చలేదు. 1953లో అతడు అమెరికా విడిచి కెనడాలోని ఒట్టావాకు తరలిపోయాడు. నాలుగేళ్ళ తరువాత 1957లో తిరిగి ఐబిఎంలో చేరి, స్ట్రెచ్ అనే కంప్యూటరు నిర్మాణంలో పాల్గొన్నాడు. ఒకే యంత్రం పలు ప్రోగ్రాములను ఏకకాలంలో నడిపే పద్ధతిపై ఇక్కడ విశేష కృషి చేశాడు.

తరువాత ఐబిఎం ఇచ్చిన ఉపకారవేతనంతో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 1965లో డాక్టరేటు పొందాడు. తనను తానే పునఃసృష్టించుకోగల యంత్రం అతని పరిశోధనాంశం. జాన్ వాన్ న్యూమన్ రూపొందించిన నమూనాలో ఒక్కొక్క గడికి 29 స్థితులు అవసరం కాగా, 8 స్థితులతోనే ఆ పని సాధ్యమని కాడ్ చూపించాడు. ఈ గ్రంథం 1968లో ప్రచురితమైంది. తక్కువ నియమాలతో ఎక్కువ ఫలితం సాధించాలనే దృష్టి అతని తరువాతి కృషిలోనూ కనిపిస్తుంది.

ఆనాటి డేటాబేసుల స్థితి

1960 దశకం చివర కాడ్ కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరంలో ఉన్న ఐబిఎం పరిశోధనాలయానికి మారాడు. ఆనాడు పెద్ద సంస్థలు వాడుతున్న డేటాబేసులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి చెట్టుకొమ్మల వలె పైనుండి క్రిందికి విస్తరించే పద్ధతి. అపోలో చంద్రయాత్రకు కావలసిన లక్షలాది విడిభాగాల జాబితా కొరకు తయారైన ఐబిఎం వారి ఐఎంఎస్ దీనికి ఉదాహరణ. రెండవది, ఒక రికార్డునుండి మరొకదానికి లంకెలు వేసుకొంటూ పోయే వల పద్ధతి. దీనికి ప్రధాన ప్రతినిధి ఛార్లెస్ బాక్‌మన్.

ఈ రెండు పద్ధతులలోనూ, కావలసిన సమాచారం ఎక్కడ ఉన్నదో, దానిని ఏ దారిలో చేరాలో ప్రోగ్రామరు ముందుగా తెలుసుకొని ఉండాలి. నిల్వచేసే తీరు మారితే దానిపై ఆధారపడిన ప్రోగ్రాములన్నిటినీ తిరిగి వ్రాయవలసి వచ్చేది. ఒకే విషయం రెండు మూడు చోట్ల నమోదై, ఒకచోట సవరించి మరొకచోట మరచిపోతే, ఏది నిజమో తేల్చుకొనే మార్గం ఉండేది కాదు.

1970 వ్యాసం

ఈ సమస్యకు కాడ్ గణితంలోని సమితి సిద్ధాంతం, తర్కశాస్త్రాల సహాయంతో పరిష్కారం సూచించాడు. 1969లో ఐబిఎం అంతర్గత నివేదికగా దీని మొదటి రూపం వెలువడింది. పెద్ద దత్తాంశ నిధులలోని పునరుక్తి, పరస్పర అనుగుణ్యత అన్న మాటలు ఆ నివేదిక శీర్షికలోనే ఉండడం గమనార్హం. అంటే సమాచారం పొంతన తప్పకుండా ఉండాలన్న ఆలోచన ఈ సిద్ధాంతానికి తరువాత అతికించినది కాదు, మొదటినుండీ ఉన్నదే. 1970 జూన్‌లో అమెరికాలోని కంప్యూటరు శాస్త్రవేత్తల సంఘమైన ఏసిఎం పత్రికలో ప్రచురితమైన వ్యాసం దీనిని ప్రపంచానికి పరిచయం చేసింది.

ఈ నమూనా ప్రకారం సమాచారమంతా పట్టికలలో ఉంటుంది. పట్టికలోని ప్రతి అడ్డు వరుస ఒక వాస్తవాన్ని తెలుపుతుంది. ఒక్కొక్క వరుసను ఇతర వరుసలనుండి వేరుచేసి గుర్తించే విలువను ప్రైమరీ కీ అంటారు. ఒక పట్టికలోని వరుస మరొక పట్టికలోని వరుసను సూచించాలంటే దాని ప్రైమరీ కీ విలువను తనలో ఉంచుకొంటుంది. ఇలా ఉంచుకొన్న విలువను ఫారిన్ కీ అంటారు. ఈ రెండు పదాలూ 1970 వ్యాసంలోనే ఉన్నాయి. సమాచారం డిస్కుపై ఎక్కడ ఉన్నదో వాడుకరికి తెలియనవసరం లేదు. ఏమి కావాలో చెబితే చాలు, ఎలా తేవాలో వ్యవస్థ చూసుకొంటుంది.

ఐబిఎంతో విభేదాలు

కాడ్ ఆలోచనకు అతని సొంత సంస్థలోనే ప్రతిఘటన ఎదురైంది. అప్పటికే ఐఎంఎస్ అమ్మకాల ద్వారా ఐబిఎంకు మంచి ఆదాయం వస్తున్నది. పట్టికల పద్ధతి సిద్ధాంతరీత్యా అందంగా ఉన్నా, ఆచరణలో నెమ్మదిగా పనిచేస్తుందని చాలామంది నమ్మారు. 1974లో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో జరిగిన సదస్సులో కాడ్, బాక్‌మన్‌ల మధ్య జరిగిన వాదోపవాదం ఈ రంగపు చరిత్రలో పేరుపొందినది.

అదే దశకంలో ఐబిఎం శాన్ హోసే పరిశోధనాలయంలో సిస్టమ్ ఆర్ అనే ప్రయోగాత్మక వ్యవస్థ నిర్మాణం మొదలైంది. అక్కడ డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ రూపొందించిన సీక్వెల్ భాష తరువాత ఎస్‌క్యూఎల్‌గా పేరొందింది. కాడ్ స్వయంగా ఆల్ఫా అనే భాషను ప్రతిపాదించినప్పటికీ దానిని స్వీకరించలేదు. ఒకే పట్టికలో అచ్చంగా ఒకేలాంటి వరుసలు ఉండడానికి ఎస్‌క్యూఎల్ అనుమతించడాన్ని అతడు చివరిదాకా విమర్శించాడు. రెండు వరుసలు అన్నివిధాలా ఒకటే అయితే, అవి రెండు వాస్తవాలా లేక ఒకే వాస్తవం పొరపాటున రెండుసార్లు నమోదైనదా అన్నది ఎవరూ చెప్పలేరన్నది అతని ఆక్షేపణ.

ఇదే సమయంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్‌ల బృందం ఇంగ్రెస్ అనే వ్యవస్థను తయారుచేసింది. 1979లో లారీ ఎల్లిసన్ సంస్థ ఒరాకిల్‌ను విపణిలోకి తెచ్చింది. ఐబిఎం తన ఎస్‌క్యూఎల్/డీఎస్‌ను 1981లోను, డీబీ2ను 1983లోను విడుదల చేసింది. ఆ విధంగా ఐబిఎంలో పుట్టిన సిద్ధాంతం ఆధారంగా ఇతరులు ముందుగా వ్యాపారం సాగించారు.

దత్తాంశ సమగ్రతా నియమాలు

డేటాబేసులోని సమాచారం నియమబద్ధంగా, పరస్పర విరుద్ధం కాకుండా ఉండడాన్ని దత్తాంశ సమగ్రత అంటారు. ఇందుకై పట్టికలకు విధించే నిబంధనలను కన్‌స్ట్రెయింట్లు అంటారు. 1979లో ప్రచురించిన వ్యాసంలో కాడ్ రెండు మూల నియమాలను స్పష్టంగా నిర్వచించాడు.

మొదటిది అస్తిత్వ సమగ్రత. ప్రైమరీ కీలోని ఏ భాగమూ ఖాళీగా ఉండరాదు. గుర్తింపు లేని వస్తువును గురించి ఏమీ నమోదు చేయలేము కనుక ఈ నియమం అవసరం.

రెండవది నిర్దేశ సమగ్రత. ఫారిన్ కీలో ఉన్న విలువ, అది సూచించే పట్టికలో నిజంగా ఉండాలి, లేదా ఖాళీగా ఉండాలి. లేని వస్తువును సూచించే వరుస ఉండరాదు.

1990లో వెలువరించిన గ్రంథంలో కాడ్ ఈ నియమాలను అయిదు తరగతులుగా విస్తరించాడు. పై రెండింటితోపాటు, ఒక రకమైన విలువలన్నిటికీ వర్తించేవి, ఒక నిలువు వరుసకు మాత్రమే వర్తించేవి, వాడుకరి తన అవసరం మేరకు నిర్ణయించుకొనేవి ఇందులో చేరతాయి.

తెలంగాణ నుండి ఒక ఉదాహరణ

అయిజ మండలాన్ని తీసుకొంటే ఈ నియమాలు సులభంగా బోధపడతాయి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు, అప్పటివరకు మహబూబ్ నగర్ జిల్లాలో ఉన్న అయిజ కొత్తగా ఏర్పడిన జోగులాంబ గద్వాల జిల్లాలో చేరింది. వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు కూడా అదే రోజున ఏర్పడ్డాయి.

జిల్లాలకు ఒక పట్టిక, మండలాలకు ఒక పట్టిక, గ్రామాలకు ఒక పట్టిక ఉన్నాయనుకొందాం. మండలం వరుసలో జిల్లా కోడు, గ్రామం వరుసలో మండలం కోడు ఫారిన్ కీలుగా ఉంటాయి. ఇట్టి అమరికలో అయిజ జిల్లా మారినపుడు మండలాల పట్టికలో ఒక్క విలువను సవరిస్తే సరిపోతుంది. మండలంలోని గ్రామాలన్నీ వాటంతట అవే కొత్త జిల్లాకు చెందుతాయి. అట్లుగాక ప్రతి గ్రామం వరుసలోనూ జిల్లా పేరు వ్రాసి ఉంచితే, కొన్నిటిని సవరించి కొన్నిటిని మరచిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు ఒకే మండలంలోని గ్రామాలు రెండు జిల్లాలలో ఉన్నట్లు కనిపిస్తాయి. ఇటువంటి పునరుక్తిని తొలగించే పద్ధతిని నార్మలైజేషన్ అంటారు. దీనిని కూడా 1970 దశకం తొలి సంవత్సరాలలో కాడే రూపొందించాడు.

కొత్త జిల్లా వరుసను ముందుగా చేర్చిన తరువాతనే మండలానికి ఆ కోడు ఇవ్వడానికి ఫారిన్ కీ నిబంధన అనుమతిస్తుంది. మండలాలు ఇంకా సూచిస్తుండగా మహబూబ్ నగర్ వరుసను ఎవరైనా తొలగించబోతే డేటాబేసు నిరాకరిస్తుంది. తొలగింపు కొనసాగేటట్లు నిబంధనను వ్రాస్తే జిల్లాతోపాటు దాని మండలాలు, గ్రామాలు కూడా చెరిగిపోతాయి. కనుక ఈ రెండవ పద్ధతిని ఆలోచించి వాడాలి.

పేరునే ప్రైమరీ కీగా వాడరాదనడానికి కూడా ఈ ఊరే ఉదాహరణ. దీనిని అయిజ అనీ, ఐజ అనీ రెండు విధాలుగా వ్రాస్తారు. కంప్యూటరుకు ఇవి రెండు వేరువేరు పదాలు. మరొకవైపు కొత్తపల్లి, రామాపురం వంటి పేర్లు గల గ్రామాలు తెలుగునాట అనేకం ఉన్నాయి. ఒకే ఊరికి రెండు పేర్లు, ఒకే పేరుతో పలు ఊర్లు ఉన్నపుడు ప్రత్యేక కోడు తప్పనిసరి.

భూముల రికార్డులకు మరికొన్ని నిబంధనలు అవసరమౌతాయి. విస్తీర్ణాన్ని ఎకరాలు, గుంటలలో వ్రాస్తారు. 40 గుంటలు ఒక ఎకరం కనుక గుంటల గడిలో 0 నుండి 39 వరకు మాత్రమే విలువ ఉండాలి. దీనిని చెక్ నిబంధనగా వ్రాయవచ్చును. ఒక గ్రామంలో ఒకే సర్వే నంబరు, ఒకే ఉపవిభాగం రెండుసార్లు రాకుండా యూనిక్ నిబంధన కాపాడుతుంది. పట్టాదారు గడి ఖాళీగా వదలరాదని నాట్ నల్ నిబంధన చెబుతుంది. ఉపవిభాగాల విస్తీర్ణాల మొత్తం అసలు సర్వే నంబరు విస్తీర్ణాన్ని మించరాదన్నది వీటికంటె క్లిష్టమైనది, ఏలయనగా ఇది ఒక వరుసకు కాక పలు వరుసలకు కలిపి వర్తిస్తుంది. ఇట్టివాటికై 1992 ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో అసర్షన్ అనే సదుపాయాన్ని చేర్చినా, దానిని అమలుచేసిన ఉత్పత్తులు అరుదు. ఆచరణలో ఈ పనిని ట్రిగ్గర్ల ద్వారా నిర్వహిస్తుంటారు.

రెండెకరాలు అమ్మినపుడు అమ్మినవాని ఖాతాలో తగ్గించడం, కొన్నవాని ఖాతాలో చేర్చడం రెండూ జరగాలి. మధ్యలో విద్యుత్తు పోయినా ఒకటి జరిగి మరొకటి జరగని స్థితి మిగలరాదు. అందుకే ఈ రెండు పనులను కలిపి ఒకే లావాదేవీగా చేస్తారు. అవసరమైతే నిబంధనల పరీక్షను లావాదేవీ ముగిసే క్షణం వరకు వాయిదా వేయవచ్చును. ముగింపులో ఏ ఒక్క నిబంధన తప్పినా మొత్తం రద్దవుతుంది.

పన్నెండు సూత్రాలు

1980 దశకంలో రిలేషనల్ అన్న మాటకు గిరాకీ పెరిగింది. పాత పద్ధతిలో తయారైన ఉత్పత్తులకు కూడా కొందరు వ్యాపారులు ఆ పేరు తగిలించసాగారు. దీనిని ఎదుర్కొనడానికి కాడ్ 1985 అక్టోబరులో కంప్యూటర్‌వరల్డ్ పత్రికలో రెండు వ్యాసాలు ప్రకటించాడు. ఒక డేటాబేసు నిజంగా రిలేషనల్ అవునో కాదో తేల్చే పరీక్షలను అందులో వివరించాడు. వీటికి కాడ్ పన్నెండు సూత్రాలని పేరు. సున్నానుండి లెక్కపెట్టడం వలన నిజానికి ఇవి పదమూడు.

వీటిలో పదవ సూత్రం సమగ్రతకు సంబంధించినది. నిబంధనలను డేటాబేసు భాషలోనే నిర్వచించి, డేటాబేసు పట్టీలోనే భద్రపరచాలి. ఒక్కొక్క అప్లికేషను ప్రోగ్రాములో విడివిడిగా వ్రాయరాదు. ఒకే డేటాబేసును పది ప్రోగ్రాములు వాడుతున్నపుడు, తొమ్మిదింటిలో తనిఖీ ఉండి ఒకదానిలో లేకపోతే, తప్పుడు సమాచారం ఆ ఒక్కదాని ద్వారా లోనికి వస్తుంది. పన్నెండవ సూత్రం దీనికి కాపలా వంటిది. వ్యవస్థలో క్రిందిస్థాయి భాష ఏదైనా ఉంటే, దాని ద్వారా ఈ నిబంధనలను తప్పించుకొనే వీలుండరాదు.

ఉత్పత్తులలో అమలు

కాడ్ 1970లోనే ఫారిన్ కీని నిర్వచించినా, ఎస్‌క్యూఎల్ మొదటి ప్రమాణంలో (1986) దానికి స్థానం లేదు. 1989 ప్రమాణంలో ప్రైమరీ కీ, ఫారిన్ కీ, చెక్ నిబంధనలు చేరాయి. ఐబిఎం డీబీ2లో నిర్దేశ సమగ్రత 1988లో వచ్చింది. ఒరాకిల్ ఆరవ వెర్షను ఈ నిబంధనలను వ్రాయనిచ్చేది కాని అమలుపరిచేది కాదు. 1992లో వచ్చిన ఏడవ వెర్షను నుండి అమలు ప్రారంభమైంది. మైఎస్‌క్యూఎల్ చాలాకాలం చెక్ నిబంధనను చదివి ఊరుకొనేది. 2019లో వెలువడిన 8.0.16 వెర్షనుతో దానిని నిజంగా పాటించడం మొదలుపెట్టింది. నిబంధన వ్రాసినంత మాత్రాన అది అమలులో ఉన్నట్లు కాదని ఈ చరిత్ర తెలుపుతుంది.

పరిమితులు, విమర్శలు

నిబంధనలు సమాచారం పొందికగా ఉండేటట్లు చూస్తాయి కాని, అది నిజమని హామీ ఇవ్వలేవు. ఒక పొలానికి వేరొకరి పేరు నమోదైతే, ఆ వ్యక్తి పట్టాదారుల పట్టికలో ఉన్నంతవరకు ఏ ఫారిన్ కీ కూడా దానిని అడ్డుకోదు. తెలంగాణలో 2017 సెప్టెంబరులో భూరికార్డుల శుద్ధీకరణ చేపట్టినపుడు, వివాదాలున్న భూములను పార్ట్-బి అనే ప్రత్యేక వర్గంలో ఉంచవలసి వచ్చింది. 2020 అక్టోబరు 29న ధరణి, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి ప్రారంభమయ్యాయి. హక్కు ఎవరిదన్నది క్షేత్రంలో, కచేరీలో, న్యాయస్థానంలో తేలవలసిన విషయం. తేలిన నిర్ణయం చెదరకుండా నిలపడమే డేటాబేసు చేయగలిగినది.

తెలియని విలువలను సూచించే నల్ విషయంలో కాడ్ అభిప్రాయాలు వివాదాస్పదమయ్యాయి. తెలియని విలువ, వర్తించని విలువ వేరువేరని చెప్పి, 1990 గ్రంథంలో నాలుగు విలువల తర్కాన్ని ప్రతిపాదించాడు. అతని సన్నిహిత సహచరుడైన క్రిస్ డేట్ నల్‌నే పూర్తిగా వ్యతిరేకించాడు. 333 లక్షణాలు పేర్కొన్న ఆ గ్రంథాన్ని మొత్తంగా అమలుచేయడానికి ఉత్పత్తిదారులు ముందుకు రాలేదు.

చివరి సంవత్సరాలు

కాడ్ 1984లో ఐబిఎంనుండి పదవీ విరమణ చేసి, క్రిస్ డేట్‌తో కలిసి సలహా సంస్థను నడిపాడు. 1993లో సమాచార విశ్లేషణకు సంబంధించిన ఓలాప్ అనే పదాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఆ పత్రానికి ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ ధనసహాయం చేసిందని తెలియడంతో విమర్శలు వచ్చాయి. గుండె జబ్బు కారణంగా 2003 ఏప్రిల్ 18న ఫ్లోరిడా రాష్ట్రంలోని విలియమ్స్ ఐలాండ్‌లో తన స్వగృహంలో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 79 సంవత్సరాలు. భార్య షారన్, మొదటి వివాహం ద్వారా కలిగిన నలుగురు సంతానం ఉన్నారు.

గౌరవాలు

1976లో ఐబిఎం ఫెలోగా నియమితుడయ్యాడు. 1981లో ట్యూరింగ్ పురస్కారం అందుకొన్నాడు. 1994లో ఏసిఎం ఫెలోగా ఎంపికయ్యాడు. అతని మరణానంతరం, డేటాబేసు రంగంలో నూతన ఆవిష్కరణలకు ఏసిఎం వారి సిగ్‌మాడ్ విభాగం ఇచ్చే పురస్కారానికి 2004లో ఎడ్గార్ ఎఫ్. కాడ్ పేరు పెట్టారు. డిగ్రీ, ఇంజనీరింగు తరగతులలో డేటాబేసు పాఠం చదివే విద్యార్థులు ప్రైమరీ కీ, ఫారిన్ కీ, నార్మల్ ఫారములను నేటికీ అతని నిర్వచనాల ఆధారంగానే నేర్చుకొంటున్నారు.